ముప్పై ఐదు దాటాక బిజినెస్ స్కూల్‌కి మళ్లీ దరఖాస్తు: ఏ తలుపు తట్టాలి?

రెండోసారి దరఖాస్తు పెట్టాలనుకున్నప్పుడు నేను చేసిన మొదటి పని, నాలుగేళ్ల కిందటి నా పాత ఎస్సేలు తెరిచి చదవడం. సిగ్గేసింది. ఆరువందల పదాల ఎస్సేలో 'లీడర్‌షిప్' అన్న మాట పదకొండుసార్లు ఉంది. ఆ ఏడాది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను ఏం పని చేశానో మాత్రం ఒక్క వాక్యంలో కూడా లేదు. చివర్లో 'ఎంబీఏ అయ్యాక కన్సల్టింగ్‌లో చేరతాను, తర్వాత సొంత సంస్థ పెడతాను' అని ముగించాను. అప్పుడు నాకు 32. రెండు స్కూళ్లూ ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు. 'వయసెక్కువని తీసుకోలేదు' అని నాలుగేళ్లపాటు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఫైలు చదివాక తెలిసింది, ఆ ఎస్సే పాతికేళ్లవాడు రాసినా సీటు వచ్చేది కాదని.

ఒకసారి కాదనిపించుకుని, వయసు ఇంకాస్త పెరిగాక మళ్లీ ప్రయత్నించేవాళ్లలో ఎక్కువమంది నాలాగే ఆలోచిస్తారు. ఈసారి జీమ్యాట్ లాంటి ప్రవేశపరీక్షలో స్కోరు పెంచుకుని, ఎస్సే బాగు చేయించుకుని అదే స్కూలుకి పంపితే సరిపోతుందనుకుంటారు. కానీ ఈ నాలుగేళ్లలో మారింది స్కోరు కాదు, మనం. 32లో మనకి సరిపోయే కోర్సు 36లో సరిపోకపోవచ్చు. కాబట్టి ఎస్సే సంగతి తర్వాత, ముందు ఏ రకం కోర్సుకి పంపాలో తేల్చుకోవాలి.

వయసు ఎక్కడ అడ్డొస్తుంది

'ఇన్నేళ్లు దాటితే వద్దు' అని ఏ మంచి స్కూలూ రాయదు. అమెరికాలో అయితే ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థలు వయసు చూసి వివక్ష చూపకూడదని 1975 నుంచే చట్టం ఉంది. కానీ క్లాసు ఫొటో చూస్తే విషయం అర్థమైపోతుంది. అక్కడి పేరున్న రెండేళ్ల ఎంబీఏల్లో చేరేవాళ్ల సగటు వయసు 27, 28 దగ్గర ఉంటుంది. అనుభవం సగటున ఐదేళ్లు. ఫ్రాన్స్‌లోనూ సింగపూర్‌లోనూ క్యాంపస్‌లున్న ఇన్సియాడ్‌లో సగటు వయసు 29 దాకా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని ఐఎండీలో ముప్పై దాటుతుంది. ఉద్యోగం చేస్తూ చదివే ఎగ్జిక్యూటివ్ ఎంబీఏలకి వస్తే ముప్పై ఐదు నుంచి నలభై మధ్య వాళ్లే ఎక్కువ.

సగటు అంటే గీత గీసినట్టు కాదు, 35 ఏళ్లవాళ్లు రెండేళ్ల ఎంబీఏల్లోనూ కనిపిస్తారు. కాకపోతే తక్కువమంది. ఎందుకు తక్కువ అన్నది ఒక్కసారి ఆలోచించి తీరాలి, ఎందుకంటే మీ దరఖాస్తు దాని వెనకున్న స్కూళ్ల భయానికే జవాబు చెప్పాలి.

స్కూళ్లకి ర్యాంకింగులు ప్రాణం. ఫైనాన్షియల్ టైమ్స్ ర్యాంకింగు, చదువు అయిపోయిన మూడేళ్లకి జీతం ఎంత, చేరకముందుతో పోలిస్తే ఎంత శాతం పెరిగింది అని చూస్తుంది. యూఎస్ న్యూస్ వాళ్లు డిగ్రీ చేతికొచ్చిన మూడు నెలలకి ఎంతమందికి ఉద్యోగం ఉందో లెక్కేస్తారు. ఇప్పటికే మంచి జీతంలో ఉన్న 37 ఏళ్ల మనిషికి ఆ శాతం పెద్దగా పెరగదు. పైగా క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు ఇచ్చే ఉద్యోగాలు ఐదారేళ్ల అనుభవం ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి. నా ఉద్దేశంలో అడ్మిషన్స్ వాళ్ల మనసులో మెదిలే ప్రశ్న 'ఈయన పెద్దవాడా' అని కాదు. 'మా ప్లేస్‌మెంట్‌లో ఈయనకి ఉద్యోగం వస్తుందా, వస్తే తనకన్నా చిన్నవాళ్ల కింద చేరతాడా' అని.

నా స్నేహితురాలు ఒకామె ఈ సంగతి నాకంటే చాలా ముందే పసిగట్టింది. ఆమె ఆసుపత్రిలో ఫార్మసిస్ట్. నేను మొదటిసారి పెట్టిన ఏడాదే తనూ పెట్టింది, తననీ కాదన్నారు. తను చేరాలనుకున్నది హెల్త్ టెక్నాలజీ కంపెనీల్లో ప్రొడక్ట్ మేనేజర్‌గా. రెండోసారి పెట్టేముందు ఆ ఉద్యోగంలో ఉన్న తొమ్మిదిమందితో ఫోన్‌లో మాట్లాడింది. వాళ్లలో ముగ్గురు ఉద్యోగాలిచ్చే స్థానంలో ఉన్నవాళ్లు. అందరినీ అడిగింది ఒకటే: 'నాలాంటి మనిషి ఎంబీఏ చేసి వస్తే తీసుకుంటారా, తీసుకోకపోతే ఏ లోటు వల్ల?' వాళ్లు చెప్పిన రెండు లోటుల్లో ఒకదాన్ని దరఖాస్తుకి ముందే ఆసుపత్రిలోనే ఒక చిన్న ప్రాజెక్టు తలకెత్తుకుని పూడ్చుకుంది. రెండోదానికి ఎంబీఏ ఎందుకు కావాలో ఎస్సేలో రాసింది. 34 ఏళ్ల వయసులో రెండేళ్ల కోర్సులో సీటు తెచ్చుకుంది. స్కోరు మాత్రం పాతదే.

ఇంటర్న్‌షిప్ కావాలా, వద్దా

కోర్సు ఎంచుకోవడానికి ర్యాంకులు, ఫీజులు, ఊళ్లు అన్నీ ముందేసుకుని ఎక్సెల్ షీటు తయారుచేసేవాళ్లని చాలామందిని చూశాను. నేనూ చేశాను, పద్దెనిమిది కాలమ్‌లతో. చివరికి అందులో ఒక్క కాలమ్ మిగిలింది: నాకు ఇంటర్న్‌షిప్ కావాలా?

రెండేళ్ల ఎంబీఏలో ఉన్న అసలు సౌకర్యం మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్య వచ్చే వేసవి. అప్పటిదాకా చేయని పనిని పది పన్నెండు వారాలు చేసి చూపించే అవకాశం అక్కడే దొరుకుతుంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, పెద్ద కన్సల్టింగ్ సంస్థలు తమ ఉద్యోగాల్లో చాలా భాగం ఆ వేసవిలో వచ్చినవాళ్లకే ఇస్తాయి. పూర్తిగా కొత్త రంగంలోకి దూకాలనుకునేవాళ్లకి ఈ వేసవి లేకపోతే డిగ్రీ ఉన్నా రెజ్యూమేలో ఆ పని చేసినట్టు ఒక్క లైనూ ఉండదు. మా ఫార్మసిస్ట్‌కి రెండేళ్ల కోర్సే సరైనది కావడానికి కారణం అదే, వయసు 34 అయినా.

నా సంగతి వేరు. నేను సరుకు రవాణా కంపెనీలో ఆపరేషన్స్‌లో పద్నాలుగేళ్లు పనిచేశాను. కన్సల్టింగ్ అని పాత ఎస్సేలో రాసింది అందరూ రాస్తారని రాసిందే. నిజానికి నాకు కావలసింది అదే రంగంలో రెండు మెట్లు పైకెక్కడం. డబ్బు లెక్కలు, ఒప్పందాలు, బోర్డు ముందు మాట్లాడటం, వీటిలో నాకు పట్టు లేదు. దానికి ఇంటర్న్‌షిప్ ఏం చేసుకోను? ముప్పై ఏడేళ్లప్పుడు వేసవిలో ఎవరి దగ్గరో స్లైడ్లు తయారుచేయడానికి జీతం వదులుకోవడం ఎందుకు?

మీరు ఎటువైపో తేల్చుకోవడానికి ఒక పని చేయండి. మూడేళ్ల తర్వాత మీరు చేస్తుండాలనుకునే ఉద్యోగం ప్రకటన ఒకటి నిజంగా వెతికి ప్రింటు తీయండి. అందులో అడిగిన అర్హతల్లో మీరు ఇప్పటికే చేసినవాటి కింద గీత గీయండి. సగానికి పైగా గీతలు పడితే మీకు ఇంటర్న్‌షిప్ అక్కర్లేదు. రెండు మూడే పడితే కావాలి. మధ్యలో ఉంటే, ఇప్పుడున్న కంపెనీలోనే వేరే డిపార్ట్‌మెంటుకి మారే వీలుందేమో ముందు అడగండి. ఒక్కోసారి ఇంత చదువూ అక్కర్లేకుండానే పనవుతుంది.

రెండేళ్ల ఎంబీఏకే మళ్లీ వెళ్లేవాళ్లకి

ఇది అన్నిటికన్నా కష్టమైన దారి, ఖర్చూ ఎక్కువ. ఫీజు ఒక ఎత్తు, రెండేళ్ల జీతం పోవడం ఇంకో ఎత్తు. 26లో జీతం పోవడానికీ 36లో జీతం పోవడానికీ తేడా ఇంటి బడ్జెట్ చూసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 36లో చేరితే 38కి బయటికొస్తారు, 60 దాకా పనిచేస్తారనుకుంటే 22 ఏళ్లు మిగులుతాయి. అప్పు తీరడానికి పదేళ్లు పడితే అందులో దాదాపు సగం పోయినట్టే. ఈ లెక్క కాగితం మీద వేసి, ఇంట్లోవాళ్లకి చూపించి, ఆ తర్వాత కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లండి. ఊరటనిచ్చే విషయం ఒకటుంది. స్కూళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్‌లు మామూలుగా ఎగ్జిక్యూటివ్ కోర్సులకన్నా ఫుల్‌టైమ్ ఎంబీఏలకే ఎక్కువ. మంచి స్కోరు ఉంటే బేరమాడటానికి కూడా వీలుంటుంది.

క్లాసులో పెద్దవాళ్లు కావడం గురించి టెన్షన్ పడేవాళ్లకి చెప్పేది, క్లాసురూములో అది సమస్యే కాదు. ఏదో ఒక కంపెనీ సమస్య మీద సాగే కేస్ చర్చల్లో నిజంగా మనుషుల్ని ఉద్యోగంలోంచి తీసేసిన అనుభవం ఉన్నవాడు మాట్లాడితే అందరూ వింటారు. ఇబ్బంది రాత్రి పదకొండింటికి మొదలయ్యే పార్టీల దగ్గర, అద్దె ఇంట్లో రూమ్మేట్ల దగ్గర. అది సర్దుకుపోతుంది.

ఏడాది ఎంబీఏ

ఇన్సియాడ్ పది నెలలు. ఐఎండీ ఏడాది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కూడా ఏడాదే. యూరప్‌లో ఈ పద్ధతి పాతది, అక్కడి కంపెనీలకి అలవాటైనది. సగటు వయసు కాస్త ఎక్కువ కావడంతో ముప్పై నాలుగేళ్ల మనిషి ఇక్కడ వింతగా కనిపించడు. ఒక ఏడాది జీతమే పోతుంది.

తిరకాసు ఏమిటంటే, చేరిన రెండో నెలకల్లా ఉద్యోగం వేట మొదలవుతుంది. పూర్తిగా రంగం మార్చేవాళ్లకి ఊపిరి ఆడదు. ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. ఇన్సియాడ్‌లో జనవరిలో చేరే బ్యాచ్‌కి మధ్యలో వేసవి విరామం ఉంటుంది, కావలసినవాళ్లు ఇంటర్న్‌షిప్ చేసుకోవచ్చు. వేసవి చివర చేరే బ్యాచ్‌కి ఆ వీలు లేదు. ఒకే స్కూలు, ఒకే డిగ్రీ, కానీ ఏ నెలలో చేరారన్నదాన్ని బట్టి మీ దారి మారిపోతుంది. అమెరికాలో కొలంబియా దీనికి తలకిందులు. అక్కడ జనవరిలో చేరే బ్యాచ్‌కే ఇంటర్న్‌షిప్ ఉండదు, పదహారు నెలల్లో అయిపోతుంది. అది కుటుంబ వ్యాపారానికి తిరిగి వెళ్లేవాళ్లకి, సొంత సంస్థ నడిపేవాళ్లకి, ఉన్న రంగంలోనే కొనసాగేవాళ్లకి ఉద్దేశించింది. ఆగస్టు బ్యాచ్‌లో పోటీపడి ఓడిపోయి మళ్లీ పెడుతున్నవాళ్లు, నిజంగా ఇంటర్న్‌షిప్ అక్కర్లేకపోతే, జనవరి బ్యాచ్ గురించి ఆలోచించాలి. అక్కర్లేదని నటిస్తూ మాత్రం వద్దు, ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే దొరికిపోతారు.

అనుభవం ఉన్నవాళ్లకోసమే పెట్టిన ఏడాది కోర్సులు

మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు ఇలాంటివి ఉన్నాయనే నాకు తెలియదు. జనరల్ మోటార్స్‌ని నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ పేరుతో మొదలైన ఈ కోర్సులు మూడు చోట్ల ఉన్నాయి: ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, లండన్ బిజినెస్ స్కూల్. ఎంఐటీ దాన్ని స్లోన్ ఫెలోస్ అంటుంది, పన్నెండు నెలలు, పదేళ్లు పైబడిన అనుభవం ఉన్నవాళ్లకి. స్టాన్‌ఫర్డ్ దాన్ని ఎంఎస్‌ఎక్స్ అంటుంది, కనీసం ఎనిమిదేళ్ల అనుభవం అడుగుతుంది. లండన్‌లో అది స్లోన్ మాస్టర్స్. ఉద్యోగం వదిలి, పూర్తికాలం క్యాంపస్‌లో ఉండి చదవాలి. క్లాసులో చాలామంది ముప్పై ఐదు దాటినవాళ్లే, కొందరు నలభై దాటినవాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు.

తేడాలు డిగ్రీ పేరులో ఉన్నాయి. ఎంఐటీలో ఎంబీఏ తీసుకోవచ్చు, మాస్టర్ ఆఫ్ సైన్స్ కూడా తీసుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్, లండన్ ఇచ్చేది ఎంబీఏ కాదు, మాస్టర్ ఆఫ్ సైన్స్. కొందరికి ఇది పట్టింపు. బంధువులకి చెప్పుకోవడానికి 'ఎంబీఏ' అన్న మూడక్షరాలే కావాలంటే స్టాన్‌ఫర్డ్ అయినా తృప్తి ఉండదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకి మాత్రం ఆ వయసులో డిగ్రీ పేరుకన్నా ముందు చేసిన పనే ముఖ్యం.

మొదటిసారి రెండేళ్ల ఎంబీఏకి కాదన్న స్కూల్లోనే ఇలాంటి కోర్సు ఉంటే, దాన్ని దొడ్డిదారి అనుకోకండి. వాళ్లు చూసేది వేరు. రెండేళ్ల ఎంబీఏకి 'ఈ మనిషి ఏం అవుతాడు' అని చూస్తారు. ఇక్కడ 'ఈ మనిషి ఇప్పటికే ఏం చేశాడు' అని చూస్తారు. నేను చివరికి ఇలాంటి కోర్సులోనే చేరాను కాబట్టి ఇటువైపు కాస్త మొగ్గుతున్నానేమో, ఆ మేరకు తగ్గించుకుని చదవండి. ఇక్కడి లోటు కూడా చెప్తాను. ఉద్యోగాల కోసం క్యాంపస్‌కి కంపెనీలు వరసకట్టి రావు. ఎవరి ఉద్యోగం వాళ్లే వెతుక్కోవాలి. నాకు ఏడు నెలలు పట్టింది.

ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ, పార్ట్‌టైమ్, ఆన్‌లైన్

ఉద్యోగం వదలడం కుదరనివాళ్లకి ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ. ఈ పద్ధతిని 1943లో మొదలుపెట్టింది చికాగో యూనివర్సిటీ. రెండు వారాలకోసారి శుక్ర, శనివారాలు, లేదా నెలకోసారి కొన్ని రోజులు కట్టగట్టి క్లాసులు. మొత్తం మీద ఇరవై నెలలు, అటూ ఇటూగా. న్యూయార్క్ యూనివర్సిటీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హెచ్‌ఈసీ పారిస్ కలిసి నడిపే ట్రియం లాంటివి ఊరూరా తిరుగుతూ సాగుతాయి. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్ స్కూల్ లాంటి చోట్ల ఫుల్‌టైమ్ వాళ్లకిచ్చే డిగ్రీయే వీళ్లకీ ఇస్తారు.

కంపెనీ ఫీజు కడితే ఇంతకన్నా మంచి బేరం లేదు, కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు చదవండి. డిగ్రీ అయ్యాక ఇన్నేళ్లు ఉండాలి, మానేస్తే ఇంత వెనక్కివ్వాలి అని ఉంటుంది. కంపెనీ డబ్బుతో వచ్చినవాళ్లని క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కి దూరంగా ఉంచే స్కూళ్లూ ఉన్నాయి. ఉద్యోగం మారడమే మీ ఉద్దేశమైతే ఇది అడిగి తెలుసుకోవాలి. ఇక సమయం. క్లాసులు కాకుండా వారానికి పదిహేను గంటలు చదువుకే పోతాయనుకోండి. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ పదిహేను గంటలు ఎవరి నిద్రలోంచి వస్తాయో ముందే మాట్లాడుకోవడం మంచిది.

పార్ట్‌టైమ్ కోర్సులు దాదాపు ఇదే దారి, వయసు కాస్త తక్కువ. ఆన్‌లైన్‌ని చిన్నచూపు చూసే రోజులు పోయాయి. ఇండియానా యూనివర్సిటీ కెల్లీ స్కూల్ 1999 నుంచీ, ఇల్లినాయ్ యూనివర్సిటీ 2016 నుంచీ నడుపుతున్నాయి. నేర్చుకోవడానికి బాగుంటాయి. పరిచయాల కోసమైతే తేలిపోతాయి.

వేరే దేశం వెళ్లి చదివేవాళ్లు వీసా సంగతి మొదటే చూసుకోవాలి. వారాంతపు కోర్సులకి స్టూడెంట్ వీసా దొరకడం కష్టం. అమెరికాలో పూర్తికాలం చదివినవాళ్లకి డిగ్రీ తర్వాత ఏడాది పని అనుమతి ఉంటుంది, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కిందికి వస్తే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఒకే స్కూల్లో ఒక కోర్సు స్టెమ్ కిందికి వచ్చి ఇంకోటి రాకపోవచ్చు. ఈ రూల్స్ మారుతుంటాయి, మీరు పెట్టే నాటికి ఏముందో అదే లెక్క.

నలభై ఐదు దాటి, డిగ్రీ కాగితం పెద్దగా పనికిరాదనుకునేవాళ్లకి కొన్ని వారాల కోర్సులున్నాయి. హార్వర్డ్ అడ్వాన్స్‌డ్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రామ్ అలాంటిది. డిగ్రీ రాదు, పూర్వవిద్యార్థి హోదా వస్తుంది. ఖర్చు కంపెనీ పెట్టుకుంటేనే ఆలోచించండి.

పాత స్కూలుకేనా, కొత్త స్కూలుకా

మొదటిసారి వెయిట్‌లిస్టులో పెట్టారంటే, లేదా ఇంటర్వ్యూ దాకా పిలిచారంటే, అదే స్కూలుకి మళ్లీ పెట్టండి. మీరు వాళ్లకి నచ్చారు, ఏదో ఒకటి తగ్గింది. ఇంటర్వ్యూకే పిలవకపోతే, ఉద్యోగంలో చెప్పుకోదగ్గ మార్పు వచ్చేదాకా అక్కడికి పంపడం దండగ. రెండు మూడు పెట్టుకుంటే ఒకటి పాతది, మిగతావి కొత్తవి ఉండేట్టు చూసుకోండి.

పాత స్కూలుకి పెట్టేటప్పుడు వాళ్లు మళ్లీ దరఖాస్తు చేసేవాళ్లకోసం పెట్టిన ఎస్సే చూడండి. చికాగో యూనివర్సిటీ బూత్ స్కూల్ చాలా ఏళ్లుగా 300 పదాల్లో అడిగేది, గతసారి తర్వాత భవిష్యత్తు గురించీ, ఎంబీఏ గురించీ, తమ స్కూలు గురించీ మీ ఆలోచన ఎలా మారిందని. వార్టన్ 250 పదాల్లో, గతసారి తర్వాత ఏం ఆలోచించుకున్నారు, ఎలా ఎదిగారు అని అడుగుతూ వస్తోంది. రెండూ అడిగేది ఒకటే, 'ఏం మారింది?' అని. ప్రమోషన్ వచ్చింది, స్కోరు పెరిగింది అని రాస్తే అది రెజ్యూమేలో ఎలాగూ ఉంది. మారిన ఆలోచన రాయాలి. గతసారి పొరపాటు పడ్డానని ఒప్పుకోవడానికి భయపడక్కర్లేదు, పెద్ద వయసులో ఉన్న ఒకే ఒక్క సౌకర్యం అదే.

పాత ఎస్సేల్లోంచి పేరాలు ఎత్తి పెట్టడం మాత్రం చేయకండి. పాత ఫైలు వాళ్ల దగ్గర ఉండొచ్చు.

స్కోరు, సిఫారసు, ఇంటర్వ్యూ

జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, జీఆర్‌ఈదీ అంతే. నాలుగేళ్ల కిందటి స్కోరు ఉంటే, దరఖాస్తు పెట్టే రోజుకి బతికుందో లేదో చూసుకోండి. పైగా జీమ్యాట్ రూపమే మారిపోయింది. పాత పరీక్ష 2024 జనవరి 31తో ఆగింది. కొత్తదానిలో మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. జామెట్రీ లేదు, వ్యాకరణం తప్పులు దిద్దే ప్రశ్నలు లేవు, వ్యాసం లేదు. బడి వదిలి ఇరవై ఏళ్లయినవాళ్లకి ఇది పండగే. స్కోరు 205 నుంచి 805 వరకు, పాతదాంతో నేరుగా పోల్చకూడదు. పాత 700కి కొత్తలో సమానం 645 దగ్గర. నాకు 655 వచ్చినరోజు 'తగ్గిపోయిందే' అని ఒక పూటంతా దిగులుపడ్డాను, ఈ సంగతి తెలియక.

చాలా ఎగ్జిక్యూటివ్ ఎంబీఏలు ఎగ్జిక్యూటివ్ అసెస్‌మెంట్ అనే వేరే పరీక్ష తీసుకుంటాయి. గంటన్నర, 40 ప్రశ్నలు. జీమ్యాట్‌కి మూడు నెలలు పట్టే తయారీ దీనికి నెల సరిపోతుంది. కోర్సు తేల్చుకున్నాకే పరీక్ష ఎంచుకోండి. చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు.

సిఫారసు లేఖ దగ్గర పెద్దవాళ్లకి వచ్చే చిక్కు వేరు. మీ బాస్ మీకన్నా చిన్నవాడు కావచ్చు, మీకు బాసే లేకపోవచ్చు. అప్పుడు క్లయింటునో, బోర్డులో ఉన్నవాళ్లనో, పాత బాస్‌నో అడగొచ్చు. పెద్ద హోదా ఉన్నవాళ్లకన్నా మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లు మేలు. చాలా స్కూళ్లు వాడే ఉమ్మడి లేఖలో, మీకిచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, దాన్ని మీరెలా తీసుకున్నారు అన్న ప్రశ్న ఉంటుంది. మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అననివాడు దానికేం రాస్తాడు? నేను రెండోసారి లేఖ అడిగింది, ఒకప్పుడు నన్ను గదిలోకి పిలిచి 'నువ్వు మీటింగుల్లో జవాబు చెప్పేస్తున్నావు, ఎవర్నీ ఆలోచించనివ్వట్లేదు' అన్న మేనేజర్‌ని.

ఆ మాట ఇంటర్వ్యూలో కూడా పనికొచ్చింది. 'మీ గ్రూపుకి 27 ఏళ్ల అమ్మాయి లీడర్ అయితే?' అని అడిగారు. 'నాకేం అభ్యంతరం లేదు' అనేది అందరూ చెప్పే జవాబు, ఎవరూ నమ్మని జవాబు కూడా. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి పక్కన కూర్చుని ఆరు శనివారాలు డేటా తీయడం నేర్చుకున్న సంగతి చెప్పాను. అతను నాకు హోంవర్క్ ఇచ్చేవాడు. ఒకసారి చేయకుండా వెళ్తే, 'వచ్చేవారం రండి సార్' అని పంపేశాడు. ఇంటర్వ్యూ చేసినాయన నవ్వి, ఆ కుర్రాడి గురించే ఇంకో ఐదు నిమిషాలు అడిగాడు.

తేదీల విషయానికొస్తే, అమెరికా ఫుల్‌టైమ్ కోర్సులకి మొదటి రౌండు సెప్టెంబరులో, రెండోది జనవరిలో. వయసు ఎక్కువై, పైగా రెండోసారి పెడుతున్నవాళ్లు మొదటి రౌండు వదులుకోకూడదు. సీట్లు ఖాళీగా ఉన్నప్పుడే మామూలుగా లేని మనిషిని తీసుకునే ధైర్యం ఉంటుంది. లేఖ రాసేవాళ్లకి జూన్‌లోనే చెప్పిపెట్టండి.

నా రెండో ఎస్సే మొదటి వాక్యం ఇది: 'రాత్రి రెండింటికి గోదాము గేటు బయట పద్నాలుగు లారీలు ఆగిపోయాయి.' కొత్త సాఫ్ట్‌వేర్ ఆన్ చేసిన రాత్రి అది, ఆన్ చేయమన్నది నేనే. తర్వాత ఏం జరిగిందో, అందులో నా తప్పెంతో, దాన్ని బోర్డుకి వివరించమన్నప్పుడు నాకు ఏ భాష రాక తడబడ్డానో రాశాను. 'లీడర్‌షిప్' అన్న మాట ఎక్కడా రాలేదు. దరఖాస్తు ఫారంలో 'గతంలో మా స్కూలుకి దరఖాస్తు చేశారా' అన్న గడి దగ్గర 'అవును' నొక్కి, సంవత్సరం వేసి, రాత్రి పదకొండున్నరకి పంపేశాను.